ఆనవాళ్ళు: లేవు

"ఇంకా ఎన్ని మెట్లున్నాయిరా?" అన్నాడు పెద్దాయన, కోర్టు రెండో అంతస్తు మలుపులో గోడకు చెయ్యి ఆనించి.

"పన్నెండు. మెల్లగా రా బాబాయ్. మన కేసు నీకన్నా మెల్లగా నడుస్తోంది, కొంపలేం మునిగిపోవు," అన్నాడు డ్రైవరు.

రెండేళ్ళలో ఇది పంతొమ్మిదో వాయిదా. ఆ మెట్లు డ్రైవరుకు కంఠతా వచ్చేశాయి.

ఒకప్పుడు అతను స్కూలు బస్సు నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే బస్సు కడుగుతుంటే పోలీసులొచ్చి వారంటు చూపించి తీసుకుపోయారు. పేరు అతనిదే, తండ్రి పేరూ వయసూ కూడా అచ్చంగా కలిశాయి. మనిషి మాత్రం వేరు. తొమ్మిదో రోజున ఎవరో పాత ఫైలు తిరగేస్తే, అసలు దొంగకు ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయి ఉంటాయని తేలింది. ఇతని వేళ్ళు లెక్కపెట్టుకుని వదిలేశారు. అంతకుముందు ఆ లెక్క ఎవరికీ తోచలేదు.

పోయిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. "నీ తప్పేం లేదని కోర్టు నుంచి కాగితం తెచ్చుకో, అప్పుడే తాళాలిస్తాను. పిల్లల తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు," అంది హెడ్మిస్ట్రెస్. ఆ కాగితం కోసమే ఈ దావా. ఈలోగా సిమెంటు లారీ నడుపుకుంటున్నాడు.

పెద్దాయన డ్రైవరు వాళ్ళుండే ఇంటి పై వాటాలో అద్దెకుంటాడు. ఇదే కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మునుపు ఎదురుపడితే తలూపడమే తప్ప మాటల్లేవు. వారంటు నకలు చదివిపెట్టమని డ్రైవరు వెళ్ళిన రోజున, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి, "దీన్ని వదలొద్దురా," అన్నాడు. ఆనాటినుంచి అర్జీలన్నీ ఆయనే రాసిపెట్టాడు. ఒక్క వాయిదా తప్పలేదు, ఒక్కసారి డ్రైవరు డబ్బుతో టీ కూడా తాగలేదు.

"మీ సొంత బాబాయి ఫోన్ చేస్తే ఎత్తడు. ఈయన అరిగిపోయిన మోకాళ్ళేసుకుని మీ వెంట తిరుగుతున్నాడు. ఏ జన్మలో రుణమో," అంటుంది డ్రైవరు భార్య.

వరండాలో వాళ్ళ లాయరమ్మ ఎదురొచ్చింది. ఆవిడ మొహం కూడా వాడిపోయి ఉంది.

"ఇవాళతో తేలిపోతుంది. పోలీసుల మీద గెలవలేం. వారంటు అసలైనదే, జడ్జిగారి సంతకమూ అసలైనదే. చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మామంటారు. అందులో ఆనవాళ్ళ గడిలో 'లేవు' అని ఉంది. ఆ తప్పు కోర్టు ఆఫీసుదని తేలితేనే మనకు దారి."

"రాసిందెవరో తెలీదా అమ్మా?"

"గుమాస్తాల సంతకం ఉండదుగా. అడిగితే అందరిదీ ఒకటే పాట, తెలీదని. చెబితే పింఛను మీదికొస్తుంది. ఈయన్ని కూడా ఆఫీసు పద్ధతి ఏమిటో చెప్పడానికే పిలిచాను."

"ఆ రాసిన మహానుభావుడు ఏ నిద్రమత్తులో ఉన్నాడో," అన్నాడు డ్రైవరు.

"కనిపిస్తే ఏం చేస్తావురా?" అడిగాడు పెద్దాయన.

"ఏం చేస్తాను బాబాయ్. తిట్టే ఓపిక కూడా అయిపోయింది. మా అమ్మాయి ఆ బస్సులోనే వెళ్ళేది. ఆ తొమ్మిది రోజులూ సిగ్గుతో బడికే పోలేదు. అదొక్కటీ చెబుతాను."

పెద్దాయన తలూపి లోపలికి నడిచాడు.

పెద్దాయన బోనెక్కాక లాయరమ్మ అడిగింది. "వారంటు ఎలా రాస్తారో చెప్పండి."

"పాత ఫైలు తెప్పించి, ఆనవాళ్ళు చూసి ఎక్కించాలి. అది రూలు."

"అలాగే చేస్తారా?"

"చెయ్యం. ఫైళ్ళు నేలమాళిగలో ఉంటాయి. శనివారం మధ్యాహ్నంలోగా అరవై వారంట్లు వెళ్ళాలి. దిగి ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? ఆ గడిలో 'లేవు' అని రాసి పారేస్తాం. నాకన్నా ముందువాళ్ళు నాకు నేర్పారు, నా తర్వాతవాళ్ళకు నేను నేర్పాను."

డ్రైవరు బెంచీ మీద ముందుకు జరిగాడు. తనకోసం ఈ ముసలాయన నోటికాడి కూడు పోగొట్టుకుంటున్నాడు. వద్దు బాబాయ్ అని లేవబోతే లాయరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ప్రభుత్వ లాయరు తాపీగా లేచాడు. "మీ ఆఫీసులో ఆ బద్ధకం ఉందనే అనుకుందాం. ఈ వారంటు కూడా ఫైలు చూడకుండానే రాశారని మీరెలా చెప్పగలరు? పక్కన నిలబడి చూశారా?"

పెద్దాయన జడ్జిగారి వైపు కాక డ్రైవరు వైపు తిరిగాడు.

"రాసింది నేనేరా."