రాయి వదలని చేప

తెల్లవారగానే కన్రొకు ఏట్లోకి దిగి, నల్లబండ పక్కన నిలబడ్డాడు. నీళ్లు తొడల దాకా ఉన్నాయి.

బండ నిండా లేత నాచు. నాచు మీద వెదురాకుల్లాంటి గీతలు. అయు చేప పళ్లతో గీకి తిన్న గుర్తులవి. అంటే ఈ బండకో చేప కాపలా ఉంది.

అయు చేప వానపాముకు ఆశపడదు. దాని తిండి నాచే. అందుకే దాన్ని పట్టడానికి ఇంకో అయు చేపనే వాడతారు. ముక్కుకు తీగ ఉంగరం తొడిగి, తోక వెనక గాలాలు వేలాడదీసి, ప్రాణంతోనే నీళ్లలోకి వదులుతారు. పరాయిది తన రాయి దగ్గరికొస్తే బండచేప ఊరుకోదు. మీదపడి పొడుస్తుంది. గాలానికి తగులుకుంటుంది.

కన్రొకు గాలపు కర్ర వంగింది. చేతివలలో పడ్డ చేప, అన్ని అయు చేపల్లాగే, కీరదోస వాసన వేసింది. అలిసిపోయిన పాత చేపను బుట్టలో వేసి, కొత్తదాని ముక్కుకు ఉంగరం తొడిగాడు.

"ఎవడ్రా అది?"

ఒడ్డున తొమెకిచి. అరవై దాటినవాడు. ఏటి ఈ మలుపు తాతల నాటి నుంచీ వాళ్లదే. ఇక్కడ ఆనకట్ట కట్టాలంటే చేపలు పట్టే హక్కున్న ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ ఒప్పుకోవాలి. ముప్పై ఏడుగురు కాగితం మీద సంతకానికి బదులుగా పేరుముద్ర వేశారు. తొమెకిచి వెయ్యలేదు.

"ఏటి మీద నీ పేరు రాసుందా, పెద్దాయనా?" అన్నాడు కన్రొకు, తిరిగి చూడకుండా.

"రాయక్కర్లేదు. ఊళ్లో పసిపిల్లనడిగినా చెబుతుంది, ఇదెవరి చోటో. మర్యాదగా గట్టెక్కు."

"ఇంకెన్నాళ్లులే. వచ్చే ఏడాదికి ఇక్కడ ఇరవై నిలువుల లోతు. అప్పుడు ఏ బండకు కాపలా కాస్తావు?"

తొమెకిచి నీళ్లలోకి దిగాడు. "నువ్వు ఆ ఆనకట్ట కంపెనీ మనిషివా?"

ఏ మాటంటే అవతలివాడు ఆగలేడో కన్రొకుకు తెలుసు. అది అనడానికే వచ్చాడు. గాలపు కర్రను బండకు ఆనించాడు.

"నీ కొడుకు ఈ ఏట్లోనే పోయాడటగా," అన్నాడు చివరికి. "కొడుకుని మింగిన ఏటికి ఇంత కాపలా ఏంటయ్యా?"

తొమెకిచి చేతికర్ర లేచింది. ఒకసారి, రెండుసార్లు. కన్రొకు బండ మీద పడ్డాడు. నాచు ఎర్రబడింది.

"చెయ్యెత్తరా! ఎత్తి కొట్టరా నన్ను!" అరిచాడు తొమెకిచి.

కన్రొకు చెయ్యెత్తలేదు. వంతెన మీంచి ఎవరో ఫొటోలు తీశారు.

మూడో రోజు ఆనకట్ట కంపెనీ అధికారి అరిమురా వచ్చి తొమెకిచి అరుగు మీద మర్యాదగా కూర్చున్నాడు. ఫొటోలు వరసగా పరిచాడు.

"ఆయన తలకి ఏడు కుట్లు పడ్డాయండి. కేసైతే జైలు తప్పదు. ఈ వయసులో మీ ఆవిడొక్కరే ఎలా ఉంటారు చెప్పండి? మీరు ముద్ర వేస్తే ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు."

తొమెకిచి భార్య ఇషినో తేనీరు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఆయనకి నొప్పి తగ్గిందా బాబూ?" అని అడిగిందావిడ.

అరిమురా ఒప్పుకోలు కాగితం ముందుకు జరిపాడు. తొమెకిచి సొరుగు లాగి ముద్ర తీశాడు. కాగితం మీద అదిమి, చాలాసేపు ఎత్తలేదు.

ఆ సాయంత్రం అరిమురా సత్రానికి వెళ్లాడు. కన్రొకు తలకు కట్టుతో పడుకుని ఉన్నాడు.

"బాగా చేశావయ్యా. ఇంకొక్క ఏరు. ఆ తర్వాత నీ కేసు కాగితాలు నీ చేతికిచ్చేస్తాను."

"ఆయన వేశాడా?"

"వేశాడు. నీకు నొప్పి తగ్గిందా అని వాళ్లావిడ అడిగింది."

కన్రొకు గోడవైపు తిరిగాడు.

కిందటి వేసవిలో, పక్క లోయలోని సుగాయె ఏట్లో, తన బండ దగ్గర నిలబడ్డ పరాయివాడి తల పగలగొట్టి, మూడో రోజున ఇదే అరిమురా ముందు ముద్ర వేసినవాడు కన్రొకు.