ఒకే ఒక్క యూజర్

"ఆ యాప్ ఇక మూసేస్తున్నా," అన్నాడు మా ఆయన, ల్యాప్‌టాప్ ఠపీమని మూసి.

మొక్కలకు నీళ్లు పోయమని గుర్తుచేసే యాప్ అది. ఆఫీసు నుంచి రాగానే గదిలో దూరి, మూడేళ్లుగా సరదాకి రాస్తున్నాడు. వాడేది లోకం మొత్తంలో ఒక్కరే. ఆ ఒక్కరూ రోజూ ఏదో తప్పు పట్టి రాస్తే, అది సరిచేసేదాకా ఈయన తలుపు తీయడు.

"ఎవడో ఒక్కడి కోసం నిన్ను గాలికొదిలేశాను. ఇక నుంచి సాయంత్రాలన్నీ నీతోనే."

"సరేలెండి," అని వంటింట్లోకి వెళ్లి, టీకి రెండు కప్పుల నీళ్లు పెట్టాను.

అవి మరిగేలోపే హాల్లోంచి గొంతు వినిపించింది. "ఇదొక్కటీ చూసి వస్తానే. అలారం మోగక పాపం ఆయన గులాబీ ఎండిపోయిందట."

గది తలుపు పడింది.

ఆ ఫిర్యాదు పంపిన ఫోను పక్కన పెట్టి, గిన్నెలోంచి ఒక కప్పు నీళ్లు సింకులో వంపేశాను.