తిట్టు పరీక్ష

“కార్డు గీకే మెషిన్ పెడతారా, లేదా? సాయంత్రంలోగా తేల్చండి. లేదంటే స్కూలు రంగులన్నీ ఎదురు షాపులోనే తీసుకుంటాను,” అని కాంట్రాక్టరు చరచరా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రంగుల షాపు పెద్దాయన మొహం మాడిపోయింది. మూడంతస్తుల స్కూలు. లోపలా బయటా, గేట్లతో సహా. ఈ ఏడాది షాపు నిలబడాలంటే ఆ ఒక్క బేరమే దిక్కు. దాన్ని కాస్తా ఎదురు షాపువాడు ఎగరేసుకుపోతే, రేపట్నుంచి డబ్బాల మీద దుమ్ము దులుపుకుంటూ కూర్చోవలసిందే.

“నేను ఏడాదిగా మొత్తుకుంటూనే ఉన్నాను నాన్నా,” అన్నాడు కొడుకు, మూడు కంపెనీల కాగితాలు కౌంటరు మీద పరుస్తూ.

“నువ్వు మొత్తుకోవడం మానిందెప్పుడురా? ఇలా తే.”

బజారంతా ఆయన్ని వెనకాల ‘టర్పెంటు’ అంటారు. ఆయన నోరు తగిలితే ఎంత గట్టి రంగయినా ఊడిరావలసిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. ఇంట్లో గానీ బజార్లో గానీ, ఎవరేం పని చేస్తున్నారో అడిగి ఎరగడు, ఎదుటివాళ్ల గొంతు పూర్తిగా విన్న పాపాన ఎన్నడూ పోలేదు. వాళ్లు నోరు తెరిచేసరికే తన వాయింపు మొదలవుతుంది.

కాగితాల మీది అంకెల్ని ఆయన నమ్మడు. ఏ కంపెనీతోనైనా బేరం కుదుర్చుకునే ముందు ఫోన్ చేసి, ఓ పది నిమిషాలు ఊరికే తిడతాడు. సరుకన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది, ఆ రోజు ఫోనెత్తే మనిషి ఎలాంటివాడో ఈ రోజే తేలిపోవాలని ఆయన సిద్ధాంతం. ముప్పయ్యేళ్లుగా బ్రష్షుల దగ్గర్నుంచి నిచ్చెనల దాకా అన్నీ అలా తిట్టి కొన్నవే.

మొదటి కంపెనీకి చేశాడు. “మీ మెషిన్లన్నీ డొక్కువట కదా?”

“ఎవడండీ అన్నది?” అని అవతలివాడు గయ్యిమన్నాడు. ఆ కాగితం నలిగి బుట్టలో పడింది.

రెండో కంపెనీవాడు రెండు తిట్లు విని, మూడో దానికి ఫోన్లో సంగీతం పెట్టి మాయమయ్యాడు. పావుగంట వాయిద్యాలు విన్నాక రెండో కాగితమూ బుట్టలోకే పోయింది.

“దొంగ వెధవలు! అంటగట్టేదాకా సార్ సార్. అంటగట్టాక ఎవడివిరా నువ్వు.”

“ఈ మూడోది మంచి కంపెనీ నాన్నా. నాకు తెలుసు. దీన్నొక్కదాన్నీ తిట్టకుండా తీసుకుందాం,” అన్నాడు కొడుకు.

“నీకు తెలుసా? నీకు తెలిసిందేమిట్రా, మూడు పూటలా తినడం తప్ప?” అని నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ని కౌంటరు మీద పడేశాడు.

ఆడగొంతు పలికింది. “నమస్కారం సార్. మీ షాపు పేరు చెప్పండి.”

చెప్పాడు. అవతల టకటకమంటున్న కీబోర్డు ఠక్కున ఆగిపోయింది.

“ఏం, పేరు వినగానే నిద్రొచ్చిందా?”

“లేదు సార్. చెప్పండి.”

కొడుకు చటుక్కున ముందుకు వంగాడు. “నాన్నా, ఫోన్ ఇలా ఇవ్వండి. నేను మాట్లాడతాను.”

“నోర్మూసుకుని కూర్చో.” మళ్లీ ఫోన్ వైపు తిరిగాడు. “వందకి ఎంత కోస్తారు మీరు?”

ఆమె చెప్పింది.

“అంతా? పట్టపగలు దోపిడీ అన్నమాట. మెషిన్‌తోపాటు కత్తి కూడా ఇస్తారా?”

“మెషిన్ మాత్రమే సార్. నెల అద్దె వేరే ఉంటుంది. అమ్మకాల్లేని నెలలో కూడా కట్టాలి. తర్వాత తెలిసి బాధపడతారని ముందే చెబుతున్నాను.”

ఈ జవాబు ఆయన ఊహించలేదు. ఊహించనందుకు ఒళ్లు మండింది.

“చదువుకున్నావా? గొంతు బాగుందని కూర్చోబెట్టారా?”

“చదువుకున్నాను సార్.”

“ఏం లాభం? ఇంట్లో అడిగేవాళ్లు లేక, మీలాంటి వాళ్లని ఇలా ఊరి మీద వదిలేశారు. పొద్దస్తమానం పరాయివాళ్లతో సోది! సిగ్గు లేదూ?”

“మెషిన్ గురించి ఇంకేమైనా తెలుసుకోవాలా సార్?”

కొడుకు రెండు చేతులూ జోడించాడు. “నాన్నా, మీకు దణ్ణం పెడతాను, ఆపండి. ఆవిడ...”

“ఆవిడేమిట్రా ఆవిడ! జీతం పుచ్చుకోవడం లేదూ? పడుతుంది.”

నిజంగానే పడింది. ఆమె తెలివిని తిట్టాడు, పెంపకాన్ని తిట్టాడు, ఆ ఉద్యోగం ఇచ్చినవాణ్ణి తిట్టాడు. ఆమె గొంతు పెంచలేదు, సంగీతం పెట్టలేదు. సందు దొరికినప్పుడల్లా పనికొచ్చే మాట ఒకటి చెప్పింది. మెషిన్ చెడితే రెండు రోజుల్లో ఇంకోటి వస్తుందంది. కార్డు డబ్బు మర్నాటికల్లా బ్యాంకులో పడుతుందంది. ఎల్లుండికల్లా మెషిన్ షాపులో ఉంటుందని మాట కూడా ఇచ్చింది.

పది నిమిషాలు గడిచేసరికి ఆయన దగ్గర తిట్లు అడుగంటాయి. ఇలా ఎన్నడూ జరగలేదు. ఆయనకు ముచ్చటేసింది.

“సరే, రాసుకో. మెషిన్ మీ దగ్గరే తీసుకుంటున్నాను.”

“సంతోషం సార్.”

“ఒరేయ్, కాంట్రాక్టరుకి ఫోన్ చెయ్యి. స్కూలు మనదే!”

కొడుకు కదల్లేదు. ఫోన్ వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు. “ఒక్కమాట అమ్మాయ్. ముప్పయ్యేళ్లలో నా నోటికి ఆగినవాళ్లు లేరు. నువ్వు ఆగావు. ఇంత ఓర్పు నీకెవరు నేర్పారమ్మా? మీ కంపెనీలో ట్రైనింగు ఇస్తారా?”

“లేదు. మూడేళ్లుగా మీ ఇంట్లోనే నేర్చుకున్నాను, మామయ్యా.”