రెండో సంతకం

"ఈ సంతకం చెల్లదమ్మా," అంది ఎన్నికల అధికారి గ్లెనిస్.

లాంగి తలెత్తి చూసింది. నగర మండలి ఆఫీసు గోడ మీద గడియారం పదకొండూ నలభై ఎనిమిది చూపిస్తోంది. పన్నెండు కొడితే నామినేషన్లు బంద్.

"ఎందుకు చెల్లదు? మా అత్త నా ఎదురుగానే పెట్టింది."

"రాటా వీధిలో మీ అత్తగారిల్లు ఏ పక్క?"

"చర్చి పక్క."

"అదే చిక్కు. వార్డు గీత ఆ వీధి నడిమధ్యన పోతుంది. చర్చి పక్క ఇళ్ళు నాలుగో వార్డు. మీరు నిలబడేది మూడో వార్డు. బలపరిచే ఇద్దరూ మూడో వార్డు ఓటర్లే కావాలి."

 ముప్పై ఏళ్ళుగా లాంగి ఆ వీధి దాటి వెళ్ళి అత్త వండిన టారో దుంపలు తిని వస్తోంది. ఏనాడూ ఏ గీతా కాలికి తగల్లేదు.

"సాయంత్రం తెస్తే?"

"పన్నెండు దాటాక దేవుడొచ్చి సంతకం పెట్టినా తీసుకోను. అయినా ఆయన కూడా మూడో వార్డు ఓటరై ఉండాలి."

నోటీసు బోర్డు మీద మూడో వార్డు కింద ఒక్కటే పేరు ఉంది. రెక్స్ హోల్‌గేట్, ఇప్పటి సభ్యుడే. అది అలాగే ఒంటరిగా మిగిలితే ఓటింగే ఉండదు, ఆయన గెలిచినట్టే. ఆయన గెలిస్తే ఈత కొలనుకు తాళం. మూడు వందల మంది పిల్లలకు లాంగి ఈత నేర్పిన కొలను అది. వార్డు వెనకే నది. ఏటా వేసవిలో పిల్లలు అందులో దూకుతూనే ఉంటారు. అది తలుచుకుంటేనే ఆమెకు భయం.

ఫోన్ తీసింది. చర్చి పాటల బృందం మొత్తం ఆ పక్క వాళ్ళే. మొగుడు మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. స్నేహితురాలు మెలే ఫోనెత్తింది.

"ఇరవై నిమిషాల్లో అక్కడుంటానే!"

"ఇరవై నిమిషాల తర్వాత నువ్వొచ్చి నా ముఖం చూడాలి, అంతే!"

పదకొండూ యాభై రెండు.

"నేను పెట్టనా?"

మూల కుర్చీలోంచి ఎవరో అన్నారు. తడిసిన ఉన్ని టోపీ, చెవికి మిషను, స్వెటర్ నిండా బన్ను పొడి. లోపలికి వస్తున్నప్పుడు "ఏ వార్డమ్మా?" అని పలకరించిన ముసలాయనే. "మీకెందుకు పెద్దాయనా, ముందు ఆ గొడుగు అడ్డం తీయండి," అని విసుక్కుంది లాంగి.

"మీది ఏ వార్డు?"

"మూడే. రాటా వీధి ఇవతలి పక్క."

లాంగికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన కలం అందుకోలేదు.

"ముందు ఒక మాట చెప్పు. ఎందుకు నిలబడుతున్నావ్?"

"టైం లేదు పెద్దాయనా!"

"టైం లేకపోతే గబగబా చెప్పు."

"కొలను కోసం. ఆ హోర్డింగుల మీది మీసాల హోల్‌గేట్ దాన్ని మూసేయిస్తున్నాడు కదా! ఒక్కసారైనా వచ్చి చూశాడా? సమావేశాలు పొద్దున పెడతారు, పొద్దున నాకు ఈత పిల్లలుంటారు. ఆరు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు."

ముసలాయన నున్నగా గీసిన పైపెదవి రుద్దుకున్నాడు.

"కప్పు కూలేట్టుందని ఇంజనీరు రాశాడట. పిల్లల మీద పడుతుందని భయపడ్డాడేమో."

"కప్పు పాడైతే కప్పు మారుస్తారు, కొలను పూడ్చేస్తారా? మీరేంటి, ఆయన తరఫు వకీలా?"

"కాదులే." నవ్వాడు. "నేను ఓటు వేసి పన్నెండేళ్ళయింది, తెలుసా?"

"బద్ధకమా?"

"వేయడానికేముంది? మూడేళ్ళకోసారి అందరికీ పోస్టులో ఓటు కాగితాల కవర్లొస్తాయి. విప్పితే మన వార్డు సభ్యుడికి టిక్కు పెట్టే చోటే ఉండదు. గత మూడుసార్లూ అంతే, పోటీయే లేదు. ఒంటి చేత్తో చప్పట్లు మోగుతాయా?"

"పదకొండూ యాభై ఏడు," అంది గ్లెనిస్.

ఆయన సంతకం పెట్టాడు. ఒక్క అక్షరమూ తప్పలేదు.

గ్లెనిస్ కాగితం చూసింది. ఆయన వంక చూసింది. ఏదో అనబోయింది.

"నేను మూడో వార్డు ఓటరునేనా, కాదా?" అన్నాడాయన.

"ఓటరే."

"రూలు అంతకు మించి అడుగుతుందా?"

"అడగదు."

ముద్ర పడింది. గడియారం పన్నెండు కొట్టింది. లాంగి కుర్చీలో కూలబడి బావురుమంది. తల ఎత్తేసరికి ముసలాయన లేడు. వాకిట్లోకి పరుగెత్తింది. ఆగస్టు వానలో బస్సు మలుపు తిరిగిపోయింది.

"కనీసం పేరైనా అడగలేదు," అంది తిరిగొచ్చి. సిగ్గేసింది. "గొడుగు అడ్డం తీయమన్నాను పాపం. ఆయన ఇక్కడికి దేనికొచ్చాడు?"

"ప్రతిసారీ వస్తాడు. ఆఖరి రోజున పన్నెండు దాకా ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. పన్నెండు కొట్టాక 'ఈసారీ ఎవరూ రాలేదా?' అని అడిగి వెళ్ళిపోతాడు." గ్లెనిస్ ముద్ర పక్కన పెట్టింది. "ఈరోజే అడగలేదు."

నోటీసు బోర్డు మీద హోల్‌గేట్ పేరు కింద లాంగి పేరు రాసి, నామినేషన్ కాగితం ఆమె ముందుకు జరిపింది.

"ఒకసారి సరిచూసుకోండి."

లాంగి కళ్ళు తుడుచుకుని చూసింది. బోర్డు మీద తన పేరుకు పైనున్న పేరే, కాగితం మీద తన పేరు కింద సంతకమై ఉంది.