పిడికెడు మట్టి

ఇంత చిన్న సంగతికి పోస్టుకార్డెందుకని రాయడం మానేయబోయాను.

మా పక్కింటి మిలూన్ పెరడంతా బంకమన్ను. ఏళ్లుగా అందులో ప్లమ్ పండ్ల సారా బట్టీలో మిగిలిన బొగ్గూ, పేడా కలుపుతున్నాడు. (ఆ సారా గురించయితే కార్డు చాలదు.)

మన్ను గుల్లబారిందో లేదో చూడ్డానికి ఏటా అతని భార్య రదోయ్కా దాన్ని పిడికిట్లో పిసికేది. ప్రతిసారీ ముద్ద కట్టేది. "ఇంకా ఇటుకేనయ్యా! మిరప నారు ఏడుస్తుంది" అనేది.

ఈ ఏడు ఆమె మంచం దిగలేదు. నా ముందే మిలూన్ తడిమట్టిని మంచం దగ్గరికి తెచ్చాడు. ఆమె సగమే మూసుకున్న పిడికిట్లో పిసికి వేళ్లు విప్పింది. మట్టి పొడిపొడిగా రాలింది.

"గెలిచావు ముసలోడా! నారు పెట్టెయ్!"

"చెప్పానా!" అన్నాడు మిలూన్.

బయటికొచ్చాక మిగిలిన మట్టిని నేనూ పిసికాను. నా వేళ్ల అచ్చులతో గట్టి ముద్దయింది.

మిలూన్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని కంచె అవతలికి విసిరాడు. నారు తేవడానికి వెళ్లాడు.