నాలుగు లెక్కపెట్టేదాకా

కొత్త వెంటిలేటర్ మంచం పక్కకు వచ్చి పావుగంటయింది. ఆ అమ్మాయి ఇంకా దాన్ని లచ్చయ్యకు తగిలించలేదు.

మొరాయిస్తున్న పాత మెషిన్ ఆగకుండా కూస్తోంది.

లచ్చయ్యది ములకలపల్లి దగ్గర అడవి అంచు పల్లె. చేను కాపలాకు పోయి నేల మీద పడుకుంటే కట్లపాము కరిచింది. రెండు రోజులుగా ఆస్పత్రిలో రెప్ప ఎత్తలేదు, వేలు కదపలేదు. ఊపిరి మెషిన్‌దే. పైగా నెమ్ము చేరింది.

భార్య జంపక్క, ఆమె తమ్ముడు పోతయ్య మంచం కాళ్ల వైపు నిలబడ్డారు.

మెషిన్లు చూసే ఆ అమ్మాయి పేరు యశోద అని నర్సు హేమలత చెప్పింది. ఇరవై అయిదేళ్లుంటాయి. కొత్త మెషిన్ గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి, అది ఉబ్బి తగ్గడం చూస్తోంది. పాతదాని మీది అంకెలు చూసి కొత్తదాంట్లో పెడుతోంది. చేత్తో నొక్కే గాలి సంచిని లచ్చయ్య తల దగ్గర సిద్ధంగా ఉంచింది.

పోతయ్య ఇక ఊరుకోలేకపోయాడు.

“ఏందమ్మా గిది? మా బావ పోయేటట్టున్నడు. నువ్వు బుడగతోని ఆడుకుంటున్నవ్.”

“అయిపోయిందన్నా,” అన్నది యశోద, తల ఎత్తకుండానే.

తర్వాత లచ్చయ్య చెవి దగ్గరికి వంగింది.

“లచ్చన్నా, మెషిన్ మారుస్తున్న. నేను నాలుగు లెక్కపెట్టేదాకా నీకు గాలి రాదు. భయపడకు. నేనిక్కడ్నే ఉంట.”

“కన్ను తెరవనోనికి కతలు చెప్తాంది,” అన్నాడు పోతయ్య.

ఆమె పట్టుకారు తీసి లచ్చయ్య నోట్లోని గొట్టాన్ని గట్టిగా నొక్కి పట్టింది.

పోతయ్య ముందుకు దూకాడు. “అక్కా, ఊపిరి బంద్ చేసింది!”

జంపక్కకు ఏమీ అర్థం కాలేదు. అయినా తమ్ముడి చొక్కా పట్టి వెనక్కి లాగింది.

“ఒకటి... రెండు... మూడు...”

పాత మెషిన్ గొట్టం ఊడింది, కొత్తదాని గొట్టం కూర్చుంది. నాలుగు అంటూ యశోద పట్టుకారు వదిలింది.

లచ్చయ్య రొమ్ము పైకి లేచింది.

పోతయ్య నేరుగా పెద్ద డాక్టర్ దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు. ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. నెమ్ము పట్టిన ఊపిరితిత్తులు గొట్టం తెరిచి వదిలితే ఒక్కసారిగా ముడుచుకుపోతాయి. అందుకే నొక్కి పట్టి లోపలి గాలిని ఆపాలి. కొత్త మెషిన్‌ను ముందే తిత్తితో చూసుకోకపోతే, అది పని చేయనప్పుడు మనిషి దక్కడు.

పోతయ్య తల గోక్కున్నాడు. తెల్లారి పోయి ఆ అమ్మాయికి ఒక మంచి మాట చెబుదామనుకున్నాడు. తెల్లారేసరికి యశోద లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందట, నిన్నటితో ఇక్కడి డ్యూటీ ముగిసిందట.

ఆరో రోజు లచ్చయ్య గొట్టం తీశారు. గొంతు గరగరలాడుతుండగా మొదటి మాట బామ్మర్దితోనే అన్నాడు.

“నేను పోతే నా బర్రెల్ని మీ ఇంటికి తోలుకపోత అన్నవ్ గదరా. ఇన్న.”

జంపక్క ఏడుస్తూనే నవ్వింది. పోతయ్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లచ్చయ్యకు అన్నీ వినిపించాయి. కట్లపాము విషం ఒంటిని కట్టేసింది గానీ తెలివిని తీసుకుపోలేదు. ముందే చెప్పకపోయుంటే, గాలి ఆగినప్పుడు ప్రాణం పోతుందనుకునేవాడే. ఆ పిల్ల లెక్కపెడుతుంటే తానూ లోపల లెక్కపెట్టానని చెప్పాడు.

ఇంటికి పోయే రోజు జంపక్క అడవి తేనె సీసా తెచ్చి హేమలత చేతిలో పెట్టింది. ఎట్లాగైనా యశోదకు చేర్చమన్నది.

“ఆయనకు ఇనబడతదని ఆ బిడ్డకెట్ల తెలిసె?” అని అడిగింది.

హేమలత సీసాను బల్ల మీద పెట్టి చెప్పింది.

పన్నెండేళ్ల కిందట బీడీల తునికాకు కోతలో కట్లపాము కరిచి ఇదే వార్డుకు వచ్చి, మెషిన్ మార్చేటప్పుడు ఎవరూ ఒక్క మాట చెప్పక, తాను చచ్చిపోయాననే అనుకున్న పిల్ల యశోదే.