వీపు నాది

“ఆ వీపు నాదమ్మా. తీసెయ్యండి.”

ఆయన వచ్చి ఆ మాట అడగడం అది మూడో రోజు.

శ్వేత తలెత్తలేదు. మదనపల్లెలో ఒక వార్డు ఆఫీసులో నర్సు ఆమె. ముందు బరువు తూచే మిషను, పక్కన కొర్రలు తినండి, మెట్లెక్కండి అని చెప్పే కరపత్రాల కట్ట. కరోనా మూడోసారి వస్తోందట. ఈసారి జనం పొట్టలు తగ్గించి దాన్ని తరిమెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. రోజుకు యాభై మందిని తూచాలి, ఫొటోలు తీసి పంపాలి.

గోడకు ఆరడుగుల ఫ్లెక్సీ. ‘బరువు తగ్గండి, కరోనాను గెలవండి’ అని పెద్ద పెద్ద అక్షరాలు. కింద, వెనకనుంచి తీసిన ఒక భారీ మనిషి బొమ్మ.

వారం కిందట టమోటా మార్కెట్ దగ్గర క్యాంపులో తీసిందది. పుంగనూరు నుంచి లోడు తెచ్చిన ఈ డ్రైవరు, బరువు చూసుకోనని చెప్పి వెళ్ళిపోతూ, కిందపడిన తాళంచెవి కోసం వంగాడు. పొట్ట అడ్డం కదా! కుడికాలు పక్కకు చాపి, ఎడమ మోకాలు నేలకు ఆనించి, అరచెయ్యి కింద మోపి నానా తంటాలు పడ్డాడు. శ్వేత నవ్వు ఆపుకుంటూ ఫొటో కొట్టింది. ఆఫీసరు ఉమాశంకర్ సారు మురిసిపోయి దాన్ని ఫ్లెక్సీకి ఎక్కించాడు.

“మొకం కనపడలేదు గదా పెద్దాయనా. ఎవరికి తెలుస్తాది?”

“ఆ బొమ్మ ఫోన్లల్లో పుంగనూరు దాకా వచ్చిందమ్మా. నా మనవరాలు వీపు సూసి గుర్తుపట్టింది. బడిలో పిల్లోళ్ళు ఎక్కిరిస్తే ఏడ్సుకుంటా ఇంటికొచ్చింది.”

“గవర్మెంటు కార్యక్రమం. మేం తీయగూడదు.”

“కార్యక్రమం గవర్మెంటుదే తల్లీ. వీపు నాది.”

లోపలినుంచి సారు వచ్చాడు. “నీ మంచికే గదయ్యా చెప్తాండాం! లావుగా ఉంటే ఆ జబ్బుకు తట్టుకోలేవు.”

“సన్నంగా ఉండేటోళ్ళను గూడా మోసినా సార్. ఒక్కరూ తేలిగ్గా లేరు.”

ఏం మాటో అది. శ్వేతకు అర్థం కాలేదు, అడగాలనీ అనిపించలేదు. ఇంకా ముప్ఫై మందిని తూచాలి.

“ఫ్లెక్సీ చింపినావంటే కేసు పెడతా” అన్నాడు సారు.

“సింపను సార్. నాది నేను తీసుకుంటా.”

జేబులోంచి బ్లేడు తీశాడు. బొమ్మ అంచు వెంబడే నిదానంగా కోశాడు. ఒక్క అక్షరం చెడలేదు. ఆ ముక్కను చుట్టి చంకలో పెట్టుకుని, సారును ఒకసారి తేరిపార చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. తూకం కోసం లైన్లో నిలబడ్డవాళ్ళలో ఎవరో ఈల కూడా వేశారు.

సారు ముఖం ఎర్రబడింది. “కంప్లైంటు రాయి. వాని పేరేంది?”

“తెలీదు సార్.”

“మూడు దినాలుగా వస్తాంటే పేరు అడగలేదా?”

“లేదు సార్.”

పేరు చోట ఖాళీ వదిలి, మిగతాది రాసింది.

మధ్యాహ్నం శ్వేత అమ్మ గంగులమ్మ క్యారియరు తెచ్చింది. వస్తూనే రోజూ అడిగే మాటే అడిగింది. “ఆయప్ప జాడ ఏమన్నా తెలిసిందా?”

“ఇంకా లేదమ్మా.”

ఆ మనిషి కోసం తల్లీకూతుళ్ళు ఎనిమిది నెలలుగా వెతుకుతున్నారు. రెండో వేవ్‌లో శ్వేత నాయన శంకరప్ప పోయిన రోజు, శ్వేత కూడా జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. అయినవాళ్ళు ఫోన్లు ఎత్తలేదు. గంగులమ్మను శ్మశానం గేటు దగ్గరే ఆపేశారు. నెత్తి నుంచి కాళ్ళదాకా తెల్ల కిట్టు తొడుక్కున్న మనిషి ఒకడు ఆమె దగ్గరికి వచ్చి, “ఆయన పేరేందమ్మా?” అని అడిగి వెళ్ళాడు.

శవాన్ని ఒకచోట దింపి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ఏ మూలన్నా ప్రాణం ఉంటే పలుకుతుందని ఆశ. కొడుకో, తమ్ముడో పిలవాల్సిన ఆ పిలుపు ఆ మనిషి పిలిచాడు. గేటు దగ్గర నుంచే గంగులమ్మ చూసింది, విన్నది. ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన దొరికితే కాళ్ళకు మొక్కాలని ఇద్దరికీ ఒకటే కోరిక.

గంగులమ్మ క్యారియరు బల్ల మీద పెట్టబోయి ఆగిపోయింది. ఫ్లెక్సీ వైపు చూస్తోంది.

బొమ్మ పోయిన చోట వెనకున్న సున్నపు గోడ కనిపిస్తోంది. తల నుంచి పాదాల దాకా తెల్లగా, ముఖం లేకుండా, కాలు పక్కకు చాపి, అరచెయ్యి నేలకు ఆనించి వంగిన ఒక భారీ మనిషి.

“ఏందమ్మా అట్ల సూస్తాండావు?”

“ఇట్లనే శ్వేతా... కాలు ఇట్లనే పక్కకు సాపి, సెయ్యి కింద మోపి మీ నాయన సెవి కాడికి వంగినాడు. లెయ్యలేక లెయ్యలేక లేసినాడు.” గంగులమ్మ ఆ తెల్లగోడను చేత్తో తడిమింది. “శంకరప్పన్నా, శంకరప్పన్నా అని పిలిచింది ఈయప్పనే.”

శ్వేతకు తల తీసేసినట్లయింది.

“వాని పేరు తెలిసిందా?” లోపలినుంచి సారు కేకేశాడు. “కంప్లైంటు పంపల్ల!”

“పంపను సార్” అంది శ్వేత, కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తూ.

ఎవరూ దగ్గరికి రాని రోజున నాయన పేరు అడిగి తెలుసుకుని, చెవిలో మూడుసార్లు పిలిచిన మనిషి మూడు రోజులు తన ముందుకు వచ్చి నిలబడితే, తను ఒక్కసారి కూడా ఆయన పేరు అడగలేదు.